ఉప్పునీటి చేపల తొట్టిలో వడపోత



ఇంట్లో గాజు తొట్టి పెట్టి రంగు చేపలు పెంచుకోవడం మనకు కొత్త కాదు. చెన్నైలో ఉన్న తెలుగువారికి కొళత్తూరు పేరు చెబితే చాలు, వరసగా చేపల దుకాణాలు కళ్ల ముందు కదులుతాయి. మంచినీటి చేపలతో చేయి తిరిగినవాళ్లు కొందరు ఒక అడుగు ముందుకు వేసి సముద్రపు చేపల తొట్టి కూడా పెడుతుంటారు. నారింజ రంగు ఒంటి మీద తెల్ల పట్టీలుండే క్లౌన్ చేపను చూస్తే ఎవరికైనా ముచ్చటే. ఆ చేప చేత తొట్టిలోనే గుడ్లు పెట్టించి పిల్లలను పెంచే పద్ధతిని మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సాధించింది. కాని సముద్రపు చేపలలో చాలా రకాలు ఇప్పటికీ కడలిలో పట్టి తెచ్చినవే. చక్కగా చూసుకుంటే క్లౌన్ చేప పదేళ్లకు పైగా బతుకుతుంది. అలాంటిది కొని తెచ్చిన మూడో నెలలోనే పోయిందంటే చాలామంది చేపనో, ఉప్పునో తప్పు పడతారు. నేనైతే ముందు ఫిల్టరు మూత తీసి చూడమంటాను.

తొట్టిలో వడపోత మూడు విధాలుగా జరుగుతుంది. స్పాంజి, దూది వంటివి నీటిలో తేలే మడ్డిని పట్టి ఆపుతాయి. ఇది యాంత్రిక వడపోత. కంటికి కనిపించని బాక్టీరియా నీటిలోని విషాన్ని విరుస్తుంది. ఇది జీవ వడపోత. మూడవది, బొగ్గు వంటి పదార్థాలతో చేసే రసాయనిక వడపోత. నేను ఈవేళ చెప్పబోయేది మొదటి దాని గురించే. అందరూ తేలిక అనుకునేది అదే, అందరూ వదిలేసేదీ అదే.

తరగతిలో ఈ పాఠం చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "సార్, మురికి స్పాంజిలో చిక్కుకుపోయింది కదా, ఇంక నీళ్లకేం భయం?" అని అడిగాడు. మంచి ప్రశ్న. పెద్దవాళ్లు కూడా సరిగ్గా ఇలాగే అనుకుంటారు.

దీనికి జవాబు మన వంటింట్లోనే ఉంది. కాఫీ ఫిల్టరును తలచుకోండి. పై గిన్నెలో పొడి వేసి వేడి నీళ్లు పోస్తాం. పొడి పైనే ఆగిపోతుంది. కింది గిన్నెలోకి ఒక్క నలుసు కూడా దిగదు. కాని దిగేది ఉత్త నీళ్లు కాదు గదా, డికాషన్! పొడి ఆగింది, దాని సారం ఆగలేదు. తొట్టి ఫిల్టరులోని మడ్డి కూడా అంతే. చేపల రెట్ట, తినగా మిగిలిన మేత, రాలిన నాచు స్పాంజిలో ఆగుతాయి. నీరు మాత్రం పంపు తిరిగినంతసేపూ వాటి మీదుగానే పోతూ ఉంటుంది. మడ్డి అక్కడే కుళ్లుతుంది. కుళ్లినదంతా కరిగి మళ్లీ తొట్టిలోకే చేరుతుంది. అంటే మురికి మనకు కనబడని చోటికి పోయిందే గాని, నీటిలోంచి బయటికి పోలేదు. బయటికి పంపవలసింది మన చెయ్యి.

ఇందులో ఒక మోసం కూడా ఉంది. స్పాంజి పూడుకుపోయే కొద్దీ దాని రంధ్రాలు సన్నబడి, మరింత సన్నని నలుసులను కూడా పట్టేస్తుంది. అందుచేత బాగా మురికిపట్టిన ఫిల్టరు ఉన్న తొట్టిలో నీళ్లు అద్దంలా మెరుస్తూ ఉండవచ్చు. చూసినవాళ్లు భేష్ అంటారు. ఆ తేట నీటిలోనే కరిగిన విషం పెరుగుతూ ఉంటుంది.

ఆ విషం ఏమిటో కొంచెం చెప్పుకుందాం. సేంద్రియ పదార్థం కుళ్లితే అమ్మోనియా పుడుతుంది. చేపల మొప్పల నుంచి కూడా అమ్మోనియా వస్తుంది. జీవ వడపోతలోని బాక్టీరియా దానిని నైట్రైటుగా, నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటు అంత ప్రమాదం కాదు గాని, పేరుకుంటే నాచు విపరీతంగా పెరుగుతుంది. నీరు మార్చి దానిని తగ్గించుకోవాలి. ఇంతవరకు మంచినీటికీ ఉప్పునీటికీ ఒకటే. తేడా ఎక్కడంటే, సముద్రపు నీటి పీహెచ్ 8.1 నుంచి 8.4 దాకా ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే, అమ్మోనియాలో చేపను చంపే రూపం పాలు సుమారు పది రెట్లవుతుంది. అందుకే మంచినీటి తొట్టిలో చెల్లిపోయిన అశ్రద్ధ ఇక్కడ చెల్లదు. రెండో తేడా ప్రాణవాయువు. 25 డిగ్రీల సెల్సియస్ వేడిలో లీటరు మంచినీరు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టి ఉంచితే, సముద్రపు నీరు 7 మిల్లీగ్రాముల లోపే పట్టి ఉంచుతుంది. కుళ్లే మడ్డి ఆ కాస్త ఆక్సిజన్‌లోనూ వాటా అడుగుతుంది.

ఇక పని విషయానికి వద్దాం. నీరు ముందు ముతక స్పాంజిలోంచి, తరువాత సన్నని దూదిలోంచి, ఆఖరున బాక్టీరియా కాపురముండే సిరామిక్ ఉంగరాల మీదుగా పోవాలి. ఈ వరస తప్పితే ఉంగరాలే మడ్డితో పూడుకుపోతాయి. దూది అంటే పాలిస్టర్ దూది. ఆస్పత్రి దూది, దిండ్లలోని బూరుగు దూది పనికిరావు, అవి చివికి కుళ్లుతాయి. ఇత్తడి, రాగి జల్లెడలను దగ్గరికి రానివ్వకండి. రాగి చాలా సముద్ర జీవులకు విషం.

సన్నని దూదిని రెండు మూడు రోజులకొకసారి తీసి పారేయండి. ఖరీదు తక్కువ, దానిని ఉతికి పొదుపు చేయడం దండగ. గుడ్డ సంచి వంటి వడపోత సంచి వాడేవారు మూడు నాలుగు రోజులకొకసారి మార్చాలి. రెండు మూడు సంచులుంటే ఒకటి ఆరుతుండగా ఇంకొకటి వాడుకోవచ్చు. సంచిని లోపలివైపు బయటికి తిప్పి, ధారగా పడే కొళాయి నీటి కింద కడిగి, ఎండలో బాగా ఆరబెట్టండి. సబ్బు, బట్టల పొడి ఏ మాత్రం తగలకూడదు. ముతక స్పాంజిని వారానికొకసారి పిండి కడగాలి. దానిలో బాక్టీరియా కూడా ఉంటుంది. కొళాయి నీటిలోని క్లోరిన్ దానిని చంపుతుంది. కనుక నీరు మార్చే రోజున తొట్టిలోంచి తీసిన పాత నీటిని బకెట్టులో పట్టుకుని, అందులోనే పిండండి. స్పాంజినీ ఉంగరాలనూ ఒకే రోజున కడగవద్దు. మూత బిగించి ఉండే డబ్బా ఫిల్టరైతే రెండు వారాలకు మించి తెరవకుండా ఉంచవద్దు. నెలలు గడిచినా తెరవనక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతారు. అది అమ్మకం మాట.

కడగవలసిన సమయం వచ్చిందని తెలుసుకోవడానికి ఒక సులువైన లెక్క ఉంది. ఫిల్టరు శుభ్రంగా ఉన్న రోజున, నీరు బయటికి పడే చోట లీటరు మగ్గు పట్టి, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి అట్టముక్క మీద రాసి తొట్టికి అంటించండి. ఆ రోజు 10 సెకన్లు పట్టి ఈ రోజు 15 పట్టిందంటే, వారం పూర్తి కాకపోయినా కడగవలసిందే. నీరు స్పాంజిలోంచి పోకుండా పక్కనుంచి పొర్లిపోతున్నదేమో కూడా చూడండి. అలా పొర్లితే ఫిల్టరు ఉన్నట్టే గాని పనిచేయనట్టే.

ఉప్పునీటి తొట్టికి నురుగు యంత్రం, అంటే స్కిమ్మరు, ఒక వరం. అది సన్నని గాలి బుడగలను పుట్టిస్తుంది. నీటిలో కరిగిన సేంద్రియ పదార్థం ఆ బుడగలకు అంటుకుని నురుగై పైగిన్నెలోకి వెళ్తుంది. కుళ్లకముందే మురికి నీటిని వదిలి బయటికి పోతుందన్నమాట. అయితే దాని మెడలో జిడ్డు పేరుకుంటే నురుగు ఎక్కదు. వారానికి రెండుసార్లు గిన్నె పారబోసి మెడ తుడవాలి.

పగడపు రాళ్లు పెడితే ఇవేవీ అక్కర్లేదని కొందరు సలహా ఇస్తారు. రంధ్రాలున్న రాయి బాక్టీరియాకు మంచి ఇల్లే గాని మడ్డిని అది పట్టదు. పైగా రాతిపగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. సిరామిక్ ఉంగరాలతో సరిపెట్టుకోవచ్చు.

మన ఊళ్లలో మరువకూడనిది కరెంటు సంగతి. 2015 డిసెంబరు వరదలప్పుడు, 2016 డిసెంబరులో వర్దా తుపాను వచ్చినప్పుడు చెన్నైలో చాలా పేటలకు రోజుల తరబడి కరెంటు లేదు. పంపు ఆగితే డబ్బా ఫిల్టరు లోపలి నీరు కదలదు. మడ్డి కొద్ది గంటల్లోనే అందులోని ఆక్సిజన్‌ను తినేస్తుంది, బాక్టీరియా చస్తుంది. కరెంటు వచ్చీ రాగానే పంపు తిరిగి, ఆ కుళ్లు నీటినంతా ఒక్కసారిగా తొట్టిలోకి చిమ్ముతుంది. కరెంటు లేనంతసేపూ బతికిన చేపలు కరెంటు వచ్చాక చచ్చిపోయాయని ఆశ్చర్యపోయేది ఇందుకే. కాబట్టి కరెంటు పోయి ఎంతకూ రాకపోతే ఫిల్టరు ప్లగ్గు పీకేయండి, దూదినీ స్పాంజినీ బయటికి తీసేయండి. బాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కరెంటు వచ్చాక డబ్బాలో నిలిచిన నీరు పారబోసి, కడిగి, అప్పుడు పెట్టండి.

కరెంటు మాట వచ్చింది కనుక ఇంకొకటి. ఉప్పునీటి తుంపర ఆరి ప్లగ్గుల మీద తెల్లగా పేరుకుంటుంది. తడి తగిలితే అది కరెంటును పట్టుకుంటుంది. ఫిల్టరు ముట్టుకునే ముందు స్విచ్చి ఆపడమే కాదు, ప్లగ్గు పీకండి. వైరు సాకెట్టు కంటే కిందికి వేలాడి, మళ్లీ పైకి వెళ్లేలా అమర్చితే, కారిన నీరు సాకెట్టులోకి పోకుండా కిందనే రాలిపోతుంది.

సెలవులకు ఊరు వెళ్లేటప్పుడు చాలామంది జాలిపడి నాలుగు రోజుల మేత ఒక్కసారే వేసి పోతారు. తిననిదంతా ఫిల్టరులోకే చేరి కుళ్లుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప రెండు మూడు రోజులు మేత లేకపోయినా తట్టుకుంటుంది. బయలుదేరే రోజున కొత్త దూది పెట్టి, స్పాంజి పిండి, స్కిమ్మరు గిన్నె ఖాళీ చేసి వెళ్లండి. అంతకంటే ఎక్కువ రోజులైతే, పక్కింటివారికి తాళం చెవితో పాటు కొత్త దూది ముక్కలు కూడా ఇచ్చి, ఎప్పుడు మార్చాలో చెప్పండి. మేత మాత్రం రోజుకింతని పొట్లాలు కట్టి పెట్టండి, డబ్బా వారి చేతికి ఇవ్వవద్దు.