సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?

ప్రతి ఏడాదీ జనవరి మొదటి రెండు వారాల్లో నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. మనవాళ్ళు డిసెంబరులో ఇండియా వెళ్ళి, పెళ్ళిళ్ళూ తిరుపతీ అన్నీ ముగించుకుని, అయిదు వారాల తరవాత ఆవకాయ సీసాలతో దిగుతారు. తెల్లారితే ఆఫీసు. మేముండేది డెట్రాయిట్ దగ్గర. బయట సున్నాకి కింద 15 డిగ్రీలు. "అన్నా, కారు స్టార్ట్ అవటం లేదు. ఆల్టర్నేటర్ పోయిందంటారా?" అంటాడు అవతలి కుర్రాడు.

నేను తిరిగి అడిగేది ఒక్కటే. "సెల్ఫ్ తిరుగుతోందా, లేదా?"

ఇది నేను కనిపెట్టిన ప్రశ్న కాదు. మన ఊళ్ళో ఏ మెకానిక్కయినా బానెట్ ఎత్తకముందే అడిగేది ఇదే. ఇక్కడికొచ్చాక మనం ఆ మాట వదిలేసి, "స్టార్ట్ కావట్లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నాం. 'అప్లికేషన్ పని చేయడం లేదు' అని ఎవరైనా టికెట్ పెడితే ఏం చేస్తాం? సర్వరు అసలు లేవలేదా, లేచి కూడా జవాబివ్వడం లేదా అని అడుగుతాం కదా. కారు విషయంలోనూ అంతే. తాళం తిప్పితే ఇంజను గిరగిరా తిరుగుతూ కూడా అంటుకోకపోతే బ్యాటరీ, సెల్ఫ్ మోటారు, వాటి మధ్య కేబుళ్ళు దాదాపు నిర్దోషులు. పెట్రోలు, స్పార్కు, ఇంజను కంప్యూటరు వైపు వెతకాలి. అసలు తిరగకపోయినా, మూలుగుతూ తిరిగినా, పెట్రోలు సంగతి ఆలోచించనే అక్కరలేదు. ఒక్క ప్రశ్నతో సగం కారు పక్కకి పోతుంది.

సెల్ఫ్ తిరగని కేసులే ఎక్కువ కాబట్టి వాటి సంగతి చూద్దాం. ముందు చెవులు పెట్టి వినండి. టకటకటకమని గబగబా కొట్టుకుంటే బ్యాటరీలో సత్తువ లేదు, లేదా కనెక్షను వదులు. 'టక్' మని ఒక్కసారి కొట్టి ఊరుకుంటే సెల్ఫ్ మోటారునీ, దాని సోలినాయిడ్‌నీ అనుమానించాలి. ఏ చప్పుడూ లేకపోతే మోటారుకి 'తిరుగు' అనే ఆజ్ఞే అందడం లేదన్న మాట. అప్పుడు గేరుని పార్కింగు నుంచి న్యూట్రల్‌కి మార్చి ప్రయత్నించండి. గేరు స్విచ్చి అరిగిపోయిన కార్లు అక్కడ స్టార్ట్ అవుతాయి. బటన్ నొక్కే కారయితే బ్రేకు తొక్కినప్పుడు వెనక లైట్లు వెలుగుతున్నాయో లేదో చూడండి. బ్రేకు స్విచ్చి పోతే కారుకి మీరు బ్రేకు తొక్కినట్టే తెలీదు. తాళంలో బ్యాటరీ అయిపోతే చాలా కార్లలో తాళాన్ని ఆ బటన్‌కే ఆనించి నొక్కితే పని జరుగుతుంది.

"లైట్లు బాగానే వెలుగుతున్నాయి, కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది" అనే మాట వింటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. రెండు హాలోజెన్ హెడ్‌లైట్లూ కలిపి లాగేది దాదాపు 10 ఆంపియర్లు. సెల్ఫ్ మోటారుకి 150 పైన కావాలి. ఎక్కడో తుప్పు పట్టిన కనెక్షనులో 0.03 ఓముల నిరోధం చేరిందనుకుందాం. లైట్లకి పోయేది 0.3 వోల్టులు, కంటికి తేడాయే తెలీదు. అదే దారిలో 150 ఆంపియర్లు లాగబోతే నాలుగున్నర వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఒక్క యూజరుతో పరీక్షించి సర్వరు బాగుందని సర్టిఫికెట్ ఇచ్చినట్టన్న మాట. లోడు పెట్టి చూడాలి. హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పండి. అవి చచ్చిపోయినట్టు మసకబారితే బ్యాటరీనో, కనెక్షనో. ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూనే ఉంటే కరెంటు సెల్ఫ్ దాకా వెళ్ళడమే లేదు.

20 డాలర్లలోపు దొరికే మల్టీమీటరు ఉంటే ఇంకా నయం. రాత్రంతా కదలని కారులో బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సుమారు సగం. 12 కన్నా తగ్గితే దాదాపు ఖాళీ. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ మాత్రం 9.6కి దిగువకి పోకూడదు. ఇంజను నడుస్తుండగా 13.5కీ 14.7కీ మధ్య ఉంటే ఆల్టర్నేటర్ తన పని తాను చేస్తోందనుకోవచ్చు. దాన్ని నిందించే ముందు ఈ ఒక్క కొలత చాలు.

మా అపార్టుమెంట్లలో ఒక గుంటూరు కుర్రాడి కారుకి ఒక వర్క్‌షాపులో మొదట బ్యాటరీ మార్చారు, తరవాత సెల్ఫ్ మోటారు మార్చారు. 700 డాలర్ల దాకా వదిలింది. మూడో రోజు పొద్దున మళ్ళీ 'టక్'. అతని భార్యకి అప్పుడు తొమ్మిదో నెల. అర్ధరాత్రి నొప్పులొస్తే ఎలాగని పక్కింటాయన కారు తాళం అడిగి దగ్గర పెట్టుకున్నారు. నేను మీటరు పట్టుకెళ్ళాను. ఒక పుల్ల బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద, రెండోది ఇంజను లోహం మీద పెట్టి, అతన్ని తాళం తిప్పమన్నాను. అర వోల్టు దాటకూడని చోట రెండు వోల్టులు దాటింది. ఎర్త్ కేబులు చివర, పైన తొడుగు బాగానే ఉంది, లోపల ఆకుపచ్చటి పొడి. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పునీళ్ళ పుణ్యం. కొత్త కేబులుకి 18 డాలర్లు. కొత్త బ్యాటరీ, కొత్త మోటారు పాపం ఏ తప్పూ చేయలేదు, పాతవి కూడా చేసి ఉండవు.

ఇక ఇండియా ప్రయాణం లెక్క. ఆపి ఉంచిన కారు కూడా అలారం కోసం, తాళం సంకేతం కోసం కొద్దిగా కరెంటు తాగుతూనే ఉంటుంది. 50 మిల్లీఆంపియర్ల దాకా మామూలే అంటారు. 35 రోజులు, రోజుకి 24 గంటలు వేస్తే 42 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యమే 45 నుంచి 60. దానికి తోడు సున్నాకి కింద 18 డిగ్రీల దగ్గర బ్యాటరీ సత్తువ సుమారు సగానికి పడిపోతుంది, ఇంజనాయిలేమో చిక్కబడి సెల్ఫ్‌కి బరువవుతుంది. ఖాళీ అయిన బ్యాటరీ సున్నాకి కింద పది డిగ్రీల లోపే గడ్డ కట్టగలదు కూడా. పక్కలు ఉబ్బి కనిపిస్తే దానికి జంపర్ కేబుళ్ళు తగిలించకండి, పేలుతుంది. బయల్దేరే ముందు నెగెటివ్ కేబులు ఊడదీసి వెళ్ళడం అన్నిటికన్నా చవక. స్నేహితుడికి తాళమిస్తే వారానికోసారి అరగంట నడపమనండి. ఉన్నచోటే అయిదు నిమిషాలు ఆన్ చేసి ఆపేస్తే, స్టార్టు చేయడానికి వాడిన కరెంటు కూడా తిరిగి చేరకపోవచ్చు.

జంపర్ కేబుళ్ళకి వరస ముఖ్యం. ఎరుపు కొస ముందు చచ్చిన బ్యాటరీ ప్లస్‌కి, రెండో ఎరుపు కొస మంచి బ్యాటరీ ప్లస్‌కి. నలుపు కొస మంచి బ్యాటరీ మైనస్‌కి, ఆఖరిది చచ్చిన కారు ఇంజనులో బ్యాటరీకి దూరంగా ఉన్న లోహానికి. బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఆఖరి నిప్పురవ్వ దాని దగ్గర పడకూడదు. మన అంబాసిడర్ రోజుల్లోలా తోసి స్టార్ట్ చేద్దామనుకోకండి, ఆటోమేటిక్ గేరు కార్లు ఎంత తోసినా స్టార్టు కావు.

సెల్ఫ్ తిరిగీ ఇంజను అంటుకోకపోతే, తాళం ఆన్ చేయగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు 'జుమ్' మనే చప్పుడు వస్తుందా వినండి. చాలా కార్లలో అది పెట్రోలు పంపు. రాకపోతే దాని ఫ్యూజు, రిలే చూడండి. డాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మెరుస్తుంటే రెండో తాళంతో ప్రయత్నించండి. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయ్యే కారులో క్రాంక్‌షాఫ్ట్ సెన్సరు మీద అనుమానం వేసుకోవచ్చు. 1996 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ కోడ్ రీడరు తగిలించే సాకెట్ ఉంటుంది, అది ఇక్కడ అక్కరకొస్తుంది. సెల్ఫే తిరగనప్పుడు మాత్రం దాన్ని పెద్దగా నమ్ముకోకండి. తుప్పు పట్టిన కేబులు లాగులో ఏమీ రాయదు.

ఎలక్ట్రిక్ కారు కొన్నవాళ్ళు ఇదంతా తమకి కాదనుకోవద్దు. వాటిలోనూ 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి సాధారణంగా ఉంటుంది. పెద్ద బ్యాటరీని కారుకి కలిపే స్విచ్చిలని నడిపేది అదే. అది చచ్చిపోతే పెద్ద దాంట్లో 80 శాతం చార్జి ఉన్నా కారు మేలుకోదు, కొన్నిటిలో తలుపు కూడా తెరుచుకోదు. అది ముందు ఉందో, డిక్కీలో ఉందో, సీటు కింద ఉందో కారుతో వచ్చిన పుస్తకంలో ఇవాళే చూసి పెట్టుకోండి.