ఎలర్జీ అంటే ఏ దురద?

దురదను గురించి చెప్పుకోవడానికి తెలుగువాడికి మాటల కరువు లేదు. దురద, తీట, నవ, జిల అనేవి అనుభవానికి పేర్లు. దద్దుర్లు, గజ్జి, చిడుము, తామర అనేవి రోగాలకు పేర్లు. ఇక కందకు లేని దురద కత్తిపీటకెందుకన్న సామెత వుండనే వుంది. ఇంత సంపద వున్న భాషలో యీనాడు ఒకే ఒక్క మాట ఏలుబడి చేస్తున్నది. ఆ మాట "ఎలర్జీ". 1906లో వియన్నా వైద్యుడు పిర్కే పుట్టించిన మాట అది. నూరేళ్లు దాటేసరికి మన వీధి చివరి మందుల దుకాణం దాకా నడిచి వచ్చి, పాతమాటలన్నింటినీ మింగి కూర్చున్నది.

భాష చెప్పుకొని బ్రతికేవాణ్ణి కనుక నాకు మొదట ఆ మాట మీదనే అనుమానం కలిగింది. నేను వుండేది సూర్యాపేట. పరీక్షల పనుల మీద కోదాడకూ మిర్యాలగూడకూ పోయి వస్తూ వుంటాను. యీ మూడు వూళ్లలోనూ ముగ్గురు మనుషులు "ఎలర్జీ గోలీ" కొనడం చూశాను. ముగ్గురికీ దొరికింది ఒకే రకం మాత్ర. రోగాలు మాత్రం మూడు.

సూర్యాపేటలో ఆమె మా కాలేజీ విద్యార్థిని. సాయంకాలానికి వొంటిమీద దద్దుర్లు లేస్తాయి. తెల్లవారేసరికి మచ్చయినా మిగలదు. మరునాడు మరొక చోట. కోదాడలో ఆయన లారీ డ్రైవరు. నడుము చుట్టూ గుండ్రని మచ్చలు. అంచులు ఎర్రగా, నడుమ తేటగా, నెలల తరబడి పాకుతున్నాయి. మిర్యాలగూడలో ఆయన కాలువ కింద వరి వేసే రైతు. మొహం, కనురెప్పలు, మెడ నల్లబడి తోలు మందమెక్కింది.

"సార్, రగతం ఖరాబైందంటున్నరు. నిజమేనా?" అని అడిగాడు ఆ రైతు.

రక్తం ఖరాబు కాలేదు. మరి అయిందేమిటి? జవాబు కోసం మా జువాలజీ లెక్చరరు గారినీ, ఆయన బల్లమీది పుస్తకాలనూ ఆశ్రయించాను.

మొదట దద్దుర్ల సంగతి. 1878లో జర్మనీలో పాల్ ఎర్లిక్ అనే ఇరవై నాలుగేళ్ల యువకుడు శరీరపు పొరలకు రంగులు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. కొన్ని కణాలు రేణువులతో కిక్కిరిసి కనిపించాయి. ఇవేవో బాగా మేసి బలిసిన కణాలని తలచి "మాస్ట్ కణాలు" అని పేరు పెట్టాడు. ఆ భాషలో మాస్ట్ అంటే మేపి బలిపించడం. వాటి పొట్టలో వున్నది తిండి కాదు, మందుగుండు! ఆ సంగతి తేలడానికి డెబ్బయి అయిదేళ్లు పట్టింది. 1953లో స్కాట్లండులో రైలీ, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ కణాలలో హిస్టమిన్ అనే రసాయనం నిలవ వుంటుందని చూపారు. ఆ రసాయనం శరీరాన్ని ఏం చేయగలదో హెన్రీ డేల్ 1910లోనే వివరించి వున్నాడు.

యీ కణాలు చర్మంలో సన్నని రక్తనాళాల పక్కనా, నాడుల కొసల పక్కనా కావలివాళ్లలాగా కూర్చుని వుంటాయి. పురుగో విషమో లోపలికి వస్తే కేకవేయడం వాటి వుద్యోగం. ఆ కేకే హిస్టమిన్. అది బయటపడ్డ నిమిషాలలో రక్తనాళాలు వెడల్పవుతాయి; చర్మం ఎర్రబడుతుంది. నాళాల గోడలు వదులై నీరు వూరుతుంది, దద్దు లేస్తుంది. నాడుల కొసలు రేగుతాయి, దురద పుడుతుంది. కొందరికి వీపుమీద గోటితో గీస్తే చాలు, పలకమీద రాసినట్టు గీత తేలుతుంది. వాళ్ల కావలివాడు మరీ బెదురుగొడ్డు అన్నమాట.

దొంగ లేకుండానే కేకలు వేసే కావలివాడు కూడా వుంటాడు. దద్దుర్లు ఆరు వారాలు దాటి వస్తూనే వుంటే, చాలామందిలో దానికి తిండి కారణం కాదు. కొందరిలో సొంత శరీరం తయారుచేసుకున్న ప్రతిరక్షకాలే మాస్ట్ కణాలను రెచ్చగొడతాయి. పాపం, మా విద్యార్థినికి ఇంట్లో వంకాయ మాన్పించారు, గుడ్డు మాన్పించారు, చేప, గోంగూర కూడా మాన్పించారు. నాలుగు నెలల్లో పిల్ల చిక్కింది గాని దద్దు తగ్గలేదు. తిన్న కాసేపటికల్లా ప్రతిసారీ దద్దు లేపే పదార్థం ఏదైనా వుంటే దాన్ని మానవలసిందే. పేరు విని అన్నీ మానితే పోయేది దురద కాదు, బలం.

ఆ పిల్లకు ఎలర్జీ మాత్ర సరైన మందే. హిస్టమిన్ తాళపుచెవి అనుకుంటే, మాత్ర ముందే పోయి తాళంలో కూర్చుంటుంది. 1937లో పారిస్‌లో డేనియల్ బోవే యీ దారి తెరిచాడు; 1957లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. ముందే కూర్చోవాలి కనుక, డాక్టరు చెప్పినన్నాళ్లు రోజూ వేసుకోవాలి; దద్దు లేచాక వెతుక్కుంటే అంత లాభం లేదు. మాత్రలకు లొంగని దద్దుర్లకు 2014 నుంచి ఒమాలిజుమాబ్ అనే ఇంజెక్షను కూడా వాడుకలోకి వచ్చింది.

ఇక కోదాడ డ్రైవరుది తామర. అది బూజు జాతి చేసే పని. మాత్ర వేస్తే బూజు చావదు. దుకాణంలో ఇచ్చిన స్టెరాయిడ్ కలిసిన గొట్టపు మందు పూస్తే రెండు రోజుల్లో ఎరుపూ దురదా తగ్గుతాయి; అడుగున బూజు మాత్రం హాయిగా పాకుతుంది. అందుకే 2018లో కేంద్రప్రభుత్వం పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదన్నది. మరొక ప్రమాదం కూడా వుంది. మెదడులో మనలను మేలుకొలిపి వుంచే పదార్థాలలో హిస్టమిన్ ఒకటి. పాతరకం ఎలర్జీ మాత్రలు మెదడులోకి పోయి దాన్నీ అడ్డుకుంటాయి. కన్ను మూతలు పడుతుంది. హైదరాబాదు–విజయవాడ రోడ్డు మీద రాత్రి లారీ తోలే మనిషికి ఆ కునుకు ఎంత ఖరీదో చెప్పనక్కరలేదు. నిద్ర తక్కువ తెచ్చే మాత్రలున్నాయి. "నేను బండి తోలుతాను" అన్న ఒక్క మాట డాక్టరుతో అంటే చాలు.

మిర్యాలగూడ రైతును పట్టింది గట్లమీద తెల్లని పూలు పూసే వయ్యారిభామ. పేరులో వున్న సొగసు గుణంలో లేదు. అందులోని పార్థినిన్ అనే పదార్థం మాస్ట్ కణాల జోలికి పోదు. టి కణాలనే వేరే సైన్యాన్ని లేపుతుంది. ఆ సైన్యం కదలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. సోమవారం కలుపు తీస్తే బుధవారం మొహం మండుతుంది. కలుపును ఎవరూ అనుమానించరు. దానికి వైద్యం వేరు, జాగ్రత్త వేరు. ఇంటిల్లిపాదీ రాత్రిళ్లు గోక్కుంటూ వుంటే అది గజ్జి. చర్మంలో దూరిన పురుగు పని. అందరూ ఒకేసారి మందు పూసుకోవాలి.

దురదలన్నీ హిస్టమిన్ చలవ కావని మన దూలగొండే సాక్ష్యం చెబుతుంది. దాని నూగులో మ్యూకునెయిన్ అనే పదార్థం వుంది. అది హిస్టమిన్‌ను పిలవకుండానే నాడులను తట్టి లేపుతుందని 2008లో అమెరికాలో రెడ్డి, లెర్నర్ ప్రభృతులు వివరించారు.

ఒక్క హెచ్చరిక. దద్దుర్లతోపాటు పెదవులూ నాలుకా వాచినా, వూపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగి పడిపోతున్నా మాత్రతో కాలయాపన చేయరాదు. అప్పుడు ప్రాణం నిలిపేది ఎడ్రినలిన్ ఇంజెక్షను. వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మిగతావేళల్లో చేయగల పరీక్ష ఒకటుంది. దమ్మిడీ ఖర్చు లేదు. దద్దు చుట్టూ పెన్నుతో గీత గీయండి. మరునాటి అదే వేళకు గీతలోపల చర్మం మామూలుగా వుంటే హిస్టమిన్ దద్దురే కావచ్చు. మచ్చ అక్కడే వుంటే మరేదో. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల వుంది, నల్లగొండలోనూ వుంది. చర్మవ్యాధుల డాక్టరు ముందు కూర్చున్నప్పుడు "ఎలర్జీ అండీ" అని వూరుకోకండి. ఎప్పుడు లేస్తుంది, ఎంతసేపుంటుంది, ఇంట్లో ఇంకెవరికుంది, ఏ పనిచేశాక వస్తుంది అన్నవి తెలుగులో, వివరంగా చెప్పండి. దద్దు అంటే దద్దు, తామర అంటే తామర, గజ్జి అంటే గజ్జి. సిగ్గుపడవలసిన పని లేదు. మన పెద్దలు ఇన్ని మాటలు ఊరికే పెట్టలేదు.