‘సింగిల్’ తగిలితే తొమ్మిది రెట్లు: సూరత్ మట్కాలో చిన్న బహుమతి లెక్క

గుజరాత్‌లో ప్రభుత్వ లాటరీ లేదు. అయినా సూరత్‌లో అంకెల జూదానికి కొదవ లేదు. అక్కడ ‘ఆంకడా’ అని పిలిచే వర్లీ మట్కా 1887 నాటి జూద నిరోధక చట్టం కింద నేరమే. తెలంగాణ నుంచి వలసెళ్లిన నేత కుటుంబాలు చాలాకాలంగా స్థిరపడిన ఊరు అది. రాయలసీమలో మట్కా బీటర్ల అరెస్టు వార్తలు చదివేవారికి ఆట కొత్తదేమీ కాదు.

మొదట్లో ముంబయిలో పందెం న్యూయార్క్ పత్తి మార్కెట్ ప్రారంభ, ముగింపు ధరల మీద సాగేది. ‘ఓపెన్’, ‘క్లోజ్’ అన్న పేర్లు అలా వచ్చినవే. ఆ ధరలు రావడం ఆగిపోయాక కుండలోంచి చీటీలు తీయడం మొదలైంది. 1962లో ఆటను నడిపిన కల్యాణ్‌జీ భగత్ కచ్‌కు చెందినవాడు. తర్వాత రతన్ ఖత్రీ దాన్ని దేశమంతా పాకించాడు.

ఆట ఇలా ఉంటుంది. సున్నా నుంచి తొమ్మిది వరకు ఉన్న అంకెల్లో మూడు తీస్తారు. 3, 5, 6 వచ్చాయనుకుందాం. మొత్తం 14, అందులో చివరి అంకె 4. అది ఓపెన్. క్లోజ్‌లోనూ అలాగే తీస్తే 8 వచ్చిందనుకుందాం, జోడీ 48. ఒక్క అంకె చెప్పినవాడికి, అంటే ‘సింగిల్’కు, సాధారణంగా రూపాయికి 9. జోడీకి 80 నుంచి 90. మూడంకెలూ చెప్పే ‘పానా’కు ఇంకా ఎక్కువ.

జోడీ తగిలే అవకాశం నూటికి ఒకటి. సింగిల్‌కు పదికి ఒకటి. పదిసార్లు సింగిల్ ఆడితే కనీసం ఒక్కసారైనా తగిలే అవకాశం 65 శాతం. ఆటను బతికించేది ఇదే. జోడీ ఆశ చూపిస్తుంది, సింగిల్ ‘నాకూ వస్తోంది’ అన్న నమ్మకం కలిగిస్తుంది. వచ్చిన 90 రూపాయలు ఇంటికి చేరితే నష్టం స్వల్పమే. చేరవు, మళ్లీ చీటీ మీదకే వెళ్తాయి. ప్రతి చుట్టులో సగటున పదో వంతు పోతుంది కాబట్టి ఏడు చుట్లు తిరిగేసరికి వంద రూపాయల్లో మిగిలేది 48.

చట్టబద్ధమైన లాటరీలూ చిన్న బహుమతి మీదే నిలబడతాయి. 1994లో మొదలైన బ్రిటన్ లాటరీలో 2015 వరకు 49 అంకెల్లో ఆరు ఎంచుకోవాల్సి ఉండేది. అప్పట్లో ఆరూ కలిసే అవకాశం కోటీ 39 లక్షల్లో ఒకటిగా, మూడు కలిసే అవకాశం 57లో ఒకటిగా ఉండేది. 2013 వరకు మూడు కలిస్తే పది పౌండ్లు ఖాయంగా వచ్చేవి. పై బహుమతులు మిగిలిన నిధిని పంచుకునేవి, గెలిచినవాళ్లు పెరిగితే ఒక్కొక్కరి వాటా తగ్గేది. తేడా ఏమిటంటే, డ్రా బహిరంగంగా, వారానికి ఒకటి రెండుసార్లే. మట్కా చీటీ రోజుకు ఎన్నిసార్లయినా రాయొచ్చు.

మన చట్టం ఈ ప్రమాదాన్ని గుర్తించింది. 1998 నాటి లాటరీల నియంత్రణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం నడిపే లాటరీ కూడా ఒక్క అంకె ఆధారంగా బహుమతి ఇవ్వకూడదు. కోటి రూపాయల బంపర్ బహుమతికి లేని నిషేధం సింగిల్‌కు ఉంది.

పైన చెప్పిన లెక్కంతా అంకెలు నిజాయితీగా తీస్తేనే. మట్కాలో తీసేవాడిని ఆడేవాడు చూడడు. ఏ అంకె మీద ఎంత డబ్బు పడిందో మాత్రం తీసేవాడికి ముందే తెలుస్తుంది.