మిషన్ వద్దన్న నాణెం

శనివారం పొద్దున్నే విడిచిన బట్టల బుట్ట చంకన పెట్టుకుని మా అపార్టుమెంటు సెల్లారులోకి దిగాను. న్యూజెర్సీలో మేముంటున్నది పాత బిల్డింగు. ఇంటింటికీ బట్టలుతికే మిషన్ ఉండదు. కింద అందరికీ కలిపి నాలుగు మిషన్లున్నాయి. పావలాలు వేస్తే గానీ తిరగవు. పావలా అంటే ఇక్కడి పాతిక సెంట్ల బిళ్ల. క్వార్టర్ అంటారు. నేను మాత్రం ఇంట్లో పావలా అనే అంటాను. ఉతకడానికి ఏడు పావలాలు, ఆరబెట్టడానికి ఆరు.

ఆరు పావలాలు బుద్ధిగా లోపలికి వెళ్లాయి. ఏడోది మాత్రం ఠంగుమని కింది గిన్నెలో పడింది. మళ్లీ వేశాను. మళ్లీ పడింది. కొంగుకి తుడిచి మూడోసారి వేశాను. మిషన్ మూడోసారీ ఉమ్మేసింది. దొంగ నాణెం అంటగట్టారు కాబోలనుకుని దాన్ని తీసి పక్కన పెట్టబోయాను. చెయ్యి జారి సిమెంటు నేల మీద పడింది.

ఆ చప్పుడు విని ఆగిపోయాను. మామూలు పావలా పడితే టక్కుమంటుంది. ఇది ఖంగుమంది. గుళ్లో చిరుగంట మోగి ఆగాక కూడా చెవిలో కాసేపు ఉంటుందే, అలా. ఆ చప్పుడు నాకు కొత్తేమీ కాదు. మా అమ్మమ్మ వినిపించిందే.

అమ్మమ్మ అరుగు మీద

మా అమ్మమ్మది తెనాలి పక్క పల్లె. ఆవిడ ట్రంకు పెట్టెలో, పట్టుచీర మడతల్లో మూడు వెండి రూపాయలుండేవి. రాణి బొమ్మ రూపాయలు అనేది. అంటే విక్టోరియా రాణి. వేసవి సెలవులకి వెళ్తే పిల్లలందరినీ అరుగు మీద కూర్చోబెట్టి, రూపాయిని బొటనవేలితో ఎగరేసి రాతి మీద పడేసేది. “వినండర్రా, మంచి వెండి పాడుతుంది. నాసి వెండి దగ్గుతుంది” అనేది.

ఆ కాలపు రూపాయి తులం బరువుండేది. అంటే ఇప్పటి లెక్కలో 11.66 గ్రాములు. అందులో పన్నెండు పాళ్లకి పదకొండు పాళ్లు వెండే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో, 1940లో, ప్రభుత్వం ఆ వెండిని సగానికి తగ్గించేసింది. ఆ ఏడాదే కాగితం రూపాయి నోటూ వచ్చింది. మరుసటి ఏడాదికి రాణి బొమ్మ రూపాయలు చెల్లవన్నారు. 1947కి వచ్చేసరికి రూపాయి బిళ్లలో వెండే లేదు, మొత్తం నికెల్.

అప్పటికి మా అమ్మమ్మకి పదేళ్లు దాటాయి. వాళ్లమ్మ పాలు పోసి కూడబెట్టిన రాణి రూపాయలు కుండలో ఉన్నాయట. చెల్లవని తెలిసి ఆవిడ గుండెలు బాదుకుంటే, కంసాలి వచ్చి “పిచ్చితల్లీ, చెల్లకపోతేనేం, వెండి ఎక్కడికి పోతుంది?” అని కరిగించి ఉగ్గుగిన్నె చేసిచ్చాడట. మా అమ్మా, నేనూ, మా అమ్మాయీ, మూడు తరాలవాళ్లం ఆ గిన్నెతోనే ఉగ్గు తాగాం.

“మంచి రూపాయి మూటలోకి, నాసి రూపాయి సంతలోకి” అనేది అమ్మమ్మ. తర్వాత నేను బీకాం చదివేటప్పుడు దీన్నే గ్రెషామ్ సూత్రం అని పాఠంగా చెప్పారు. ఒకే విలువకి మంచి డబ్బూ, చెడ్డ డబ్బూ రెండూ చెల్లుతుంటే జనం మంచిది దాచుకుని చెడ్డది ఖర్చు పెడతారు. నాకు పరీక్షలో ఆ ప్రశ్నకి మంచి మార్కులొచ్చాయి. అమ్మమ్మ పుణ్యమే.

అమెరికాలోనూ అదే కథ

ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూశాను. నాణెం మీద 1964 అని ఉంది.

ఈ దేశంలో 1964 వరకూ పది సెంట్లు, పాతిక సెంట్లు, అర డాలరు బిళ్లల్లో నూటికి తొంభై పాళ్లు వెండి ఉండేది. వెండి ధర పెరుగుతూ వచ్చి నాణెం విలువనే మించిపోయే పరిస్థితి వచ్చింది. దాంతో 1965 జులైలో కొత్త నాణేల చట్టం మీద అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం పెట్టారు. అప్పట్నుంచీ పదీ పాతికా బిళ్లలు లోపల రాగి, పైన రాగీ నికెలూ కలిపిన పొరలతో వస్తున్నాయి. అర డాలరులో మాత్రం 1970 దాకా నూటికి నలభై పాళ్లు వెండి ఉంచారు. జనం ఊరుకుంటారా? అమ్మమ్మ చెప్పినట్టే మంచివి మూటల్లోకి పోయాయి. కొద్ది ఏళ్లలోనే వెండి పావలాలు బజార్లో కనబడకుండా పోయాయి.

గుర్తుపట్టడం కష్టమేం కాదు. ముందు సంవత్సరం చూడాలి. తర్వాత అంచు చూడాలి. కొత్తదానికి అంచున ఎర్రగా రాగి గీత కనిపిస్తుంది, పాతది మొత్తం తెల్లగా ఉంటుంది. తూకంలోనూ తేడా ఉంది. పాత పావలా 6.25 గ్రాములు, కొత్తది 5.67. లోహం వేరు కాబట్టే కొన్ని మిషన్లు పాతదాన్ని దొంగ నాణెం అనుకుని తోసేస్తాయి. అయిదు సెంట్ల బిళ్లల్లో కూడా యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 మధ్య వచ్చినవాటిలో నూటికి ముప్ఫై అయిదు పాళ్లు వెండి ఉన్నవి ఉన్నాయి. వాటి వెనక భవనం గోపురం మీద పెద్దగా పి, డి, ఎస్‌లలో ఒక అక్షరం ఉంటుంది.

అమెరికా చట్టం దృష్టిలో నా చేతిలోది ఇప్పటికీ పాతిక సెంట్లే. కానీ ఔన్సు వెండి 30 డాలర్లుందనుకుంటే అందులో వెండే దాదాపు 5 డాలర్ల 40 సెంట్లు చేస్తుంది. వెండి ఇంకా పెరిగితే అదీ పెరుగుతుంది.

నాలుగు బిళ్లలు, ఒక రాత్రి

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పాలి. మా ఆయన ఉద్యోగం మీద వచ్చాం కాబట్టి నాది ఆయన వెనక వచ్చిన వీసా. దాని మీద ఉద్యోగం చేసే వీల్లేదు. 2015 నుంచి కొందరు భార్యలకి అనుమతి ఇస్తున్నారు గానీ, దానికి గ్రీన్‌కార్డు దారిలో మా ఆయన ఇంకో మెట్టెక్కాలి. విజయవాడలో ఉన్నప్పుడు ట్యూషన్లు చెప్పేదాన్ని. కథకి పారితోషికం వస్తే ఆ నూటయాభయ్యో రెండొందలో నా పోపుల డబ్బాలో దర్జాగా ఉండేది. ఇక్కడ అన్నీ కార్డుల మీదే. మా ఆయన ఏనాడూ లెక్క అడగరు. అయినా అడిగితే ఏం చెప్పాలన్న లెక్క మనసులో నడుస్తూనే ఉంటుంది. నా చేతిలో గలగలమనే డబ్బంటూ ఉంటే అది ఈ బట్టల చిల్లరే.

ఆ చిల్లర నాకు ఎదురింటి పెద్దావిడ ఇస్తుంది. ఎనభై దాటిన ఆవిడ ఒక్కతే ఉంటుంది. భర్త పోయి రెండేళ్లయింది. ఆయన వదిలిపోయిన చిల్లర పెద్ద గాజు జాడీల్లో ఉంది. బ్యాంకుకి మోసుకెళ్లలేదు. వారానికోసారి నేను పది డాలర్ల నోటు ఇస్తే నలభై పావలాలు లెక్కపెట్టి ఇస్తుంది. మా అమ్మాయి వాటిని బల్ల మీద పోసి ఆడవాళ్ల బొమ్మలు ఏరుకుంటుంది. 2022 నుంచి 2025 వరకూ ఏడాదికి అయిదుగురు చొప్పున ఇరవై మంది అమెరికా మహిళల బొమ్మలతో పావలాలు వేశారు. కవయిత్రి మాయా ఏంజెలో, వ్యోమగామి శాలీ రైడ్‌తో మొదలు. ఆ ఇరవై మందీ జాడీలో దొరుకుతారేమోనని దాని ఆశ.

ఆ రోజు ఆ నలభైలో మిగిలినవన్నీ తిరగేశాను. ఇంకో మూడు దొరికాయి. 1957, 1962, మరో 1964. మొత్తం నాలుగు వెండి పావలాలు. ముప్ఫై లెక్కన ఇరవై డాలర్లు దాటింది. మూడేళ్ల తర్వాత నా కంటూ, నా చెవితో నేను కనిపెట్టి సంపాదించుకున్న డబ్బు!

మా ఆయనకి చూపిస్తే నవ్వారు. “నువ్వేం దొంగతనం చెయ్యలేదుగా. ఆవిడ పాతిక సెంట్లకిచ్చింది, నువ్వు పాతిక సెంట్లిచ్చావు. లెక్క సరిపోయింది” అన్నారు. మాట సబబుగానే ఉంది. కానీ రాత్రి నిద్ర పట్టలేదు. నిజం చెప్పొద్దూ, నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆవిడకి చెప్పాలని కాదు. వచ్చేవారం ఇరవై డాలర్లకి మార్చుకుందామని. అది తలుచుకుంటే నా మీద నాకే ఎలాగో అనిపించింది. కుండ ముందు కూర్చుని గుండెలు బాదుకున్న అమ్మమ్మ తల్లి గుర్తొచ్చింది. ఆ రోజు ఆ కంసాలి “అవి చెల్లవులేమ్మా, అణాకో రూపాయి చొప్పున నాకిచ్చెయ్” అని ఉంటే? ఆవిడకేం తెలుసు, ఇచ్చేసేదే. మా ఇంట్లో ఉగ్గుగిన్నె ఉండేది కాదు.

జాడీ ముందు ఇద్దరం

తెల్లారి నాలుగు బిళ్లలూ పట్టుకుని ఎదురింటి తలుపు కొట్టాను. సంగతి చెప్పి, వంటింటి గట్టు మీద ఒక కొత్త బిళ్లా ఒక పాత బిళ్లా పడేసి వినిపించాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

“మిషన్ తీసుకోనివన్నీ అరిగిపోయాయనుకున్నాను. మూల మీది డోనట్ల షాపులో కాఫీకి ఇచ్చేస్తున్నాను, రెండేళ్లుగా” అంది చివరికి.

వెండి బిళ్లలు మళ్లీ జనం చిల్లరలోకి ఎలా వస్తాయో అప్పుడు నాకు అర్థమైంది. ఎవరో ఒకరు యాభై ఏళ్లు కూడబెడతారు. ఆ మనిషి పోతాడు. మిగిలినవాళ్లకి అది ఉత్త చిల్లర.

ఆయన కుర్రతనంలో పెట్రోలు బంకులో పనిచేసేవాడట. గల్లా పెట్టెలోకి వెండి బిళ్ల వస్తే తన జేబులోంచి మామూలు పావలా వేసి దాన్ని తెచ్చుకునేవాడట. “ఆయన చెబుతూనే ఉండేవాడు. నేనే వినలేదు. ఆయన చిల్లర గొడవ మొదలుపెడితే టీవీ పెంచేదాన్ని” అని నవ్వబోయి కళ్లు తుడుచుకుంది. పోయిన డబ్బు గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు.

ఆ మధ్యాహ్నం జాడీలన్నీ దుప్పటి మీద కుమ్మరించి ఇద్దరం కూర్చున్నాం. నేను అంచులు చూస్తే, ఆవిడ భూతద్దం పెట్టి సంవత్సరాలు చదివింది. మా అమ్మాయి అనుమానం వచ్చినవి గట్టు మీద మోగించింది. సాయంత్రానికి 61 వెండి పావలాలు, 38 పది సెంట్ల బిళ్లలు, యుద్ధకాలం నాటి అయిదు సెంట్ల బిళ్లలు అయిదు తేలాయి. ముప్ఫై లెక్కన వేసినా నాలుగు వందల డాలర్ల పైమాటే.

అలవాటు కొద్దీ నల్లబడ్డవాటిని చింతపండుతో తోమిపెడతానన్నాను. నయం, ముందు పుస్తకంలో చూశాను కాబట్టి సరిపోయింది. పాత నాణేలు తోమకూడదు. మచ్చ పోతుంది గానీ, సేకరించేవాళ్ల దగ్గర వాటి విలువా పోతుంది.

నేను తెచ్చిన నాలుగూ కుప్పలో కలపబోతే ఆవిడ ఆపింది. మూడు తీసుకుని, నేల మీద ఖంగుమన్న ఆ 1964ని నా గుప్పిట్లో పెట్టి మూసింది. డబ్బివ్వబోతే చెయ్యి తోసేసింది. “ఇది నీ కూలి” అంది. తీసుకున్నాను. మొహమాటపడలేదు.

ఇప్పుడది నా పోపుల డబ్బాలో, ఆవాల గిన్నె పక్కనుంది. మీ ఇళ్లల్లోనూ అమ్మమ్మ ట్రంకు పెట్టెలోనో, నాయనమ్మ డబ్బాలోనో పాత చిల్లర ఉండే ఉంటుంది. ఎవరికైనా ఇచ్చేముందు ఒక మధ్యాహ్నం దుప్పటి పరిచి కూర్చోండి. పెద్దవాళ్లు పక్కనుండగానే కూర్చోండి. ఏది ఎక్కడిదో వాళ్లే చెప్పాలి.

వచ్చే శనివారం పావలాలకి మళ్లీ ఆవిడ దగ్గరికే వెళ్తాను. ఈసారి ఆయన చిల్లర కథలు కూడా చెబుతానంది.