ఒక్క అక్షరం రాసి ఉంటే

శుక్లాల ఆపరేషన్ అయ్యాక మా పిన్ని చెకప్‌కు వెళ్లాల్సింది 2025 మే 6న. ఆసుపత్రి నుంచి ఫోన్‌కు వచ్చిన మెసేజ్‌లో మాత్రం 05/06/2025 అని ఉంది. మనందరి అలవాటు ప్రకారమే ఆవిడ దాన్ని జూన్ 5 అని చదువుకుని ఆ రోజే వెళ్లింది. ‘నెల్లాళ్లు ఏమైపోయారమ్మా?’ అని కౌంటర్ దగ్గర చీవాట్లు కూడా తింది. తప్పు ఆవిడది కాదు, డాక్టరుదీ కాదు. కంప్యూటర్ దగ్గర కూర్చున్న కుర్రాడు తేదీల జాబితాను ‘సరిచేశాడు’. ఎలా సరిచేయాలో ఏదో అరనిమిషం వీడియోలో చూశాడట.

అపోహ: ఎక్సెల్‌లో తేదీలు అమెరికా పద్ధతిలో పడితే, ‘ఫార్మాట్ సెల్స్’లో ఇండియా ఎంచుకుంటే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. తప్పు కనపడకుండా పోతుంది, అంతే. ఎక్సెల్ తేదీని మనం చూసే రూపంలో దాచుకోదు. 1900 జనవరి 1ని ఒకటో రోజు అనుకుని, అక్కణ్నుంచి లెక్కపెట్టిన అంకెను దాచుకుంటుంది. 2025 మే 6 అంటే దానికి 45783. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సీఎస్‌వీ ఫైల్‌లో 06/05/2025 అని సరిగ్గానే ఉంది. కానీ ఆ కంప్యూటర్‌లో రీజియన్ అమెరికా. కుర్రాడు డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ దాన్ని జూన్ 5గా చదివి, 45813 అని రాసుకుంది. అనర్థం అక్కడే జరిగిపోయింది. ఆ తర్వాత ఫార్మాట్ మార్చడమంటే 45813కి చొక్కా మార్చడమే. తెర మీద 6/5/2025గా ఉన్నది కాస్తా 05/06/2025 అయింది. ముట్టుకోకుండా పంపి ఉంటే పిన్ని మే 6 అనే చదువుకునేది!

జాబితా అంతా చూసినా అనుమానం ఎందుకు రాలేదు? అమెరికాలో కూడా 25వ నెల లేదు కనుక 25/05/2025 లాంటివాటి జోలికి ఎక్సెల్ పోలేదు. ఉత్త అక్షరాలుగా వదిలేసింది. అవి చూడ్డానికి లక్షణంగా ఉన్నాయి, నిజంగానే సరైనవి కూడా. ఏడాదిలో 221 రోజులు ఇలా బతికిపోతాయి. 01/01, 02/02 వంటి 12 రోజులు తిరగేసినా మారవు. మిగిలిన 132 రోజులు చప్పుడు చేయకుండా వేరే నెలలోకి దూకుతాయి. ‘తప్పుంటే కంప్యూటరే చెబుతుంది’ అనే పెద్దమనుషులకు ఈ 132 అంకితం.

ఇక చిల్లర అపోహలు.

‘ఇంగ్లిష్ పెట్టుకుంటే నెలే ముందొస్తుంది.’ రోజే ముందు రాసే బ్రిటన్‌వాళ్లది ఇంగ్లిష్ కాదు కాబోలు! భాషతోపాటు ప్రాంతాన్నీ చూడాలి.

‘నెలల పేర్లు అనువదిస్తే పని అయిపోయినట్టే.’ రష్యన్‌లో ఉత్త మే నెల ‘మాయ్’, మే 6 అనాలంటే ‘మాయా’. మనకూ చివర ‘న’ చేరందే వాక్యం నిలబడదు. ముక్కలు అతికించడం మానేసి, వాక్యం మొత్తం అనువాదకుడి చేతికివ్వండి.

‘తెలుగు ఎంచుకుంటే అంకెలూ తెలుగువే వస్తాయి.’ ఏ భాషకు ఏ పద్ధతో చెప్పే యూనికోడ్ వాళ్ల పట్టిక సీఎల్‌డీఆర్ లెక్కలో తెలుగుకు మామూలుగా వచ్చేవి 0–9 అంకెలే. మరాఠీకి మాత్రం దేవనాగరి అంకెలొస్తాయి. వాటిని తిరిగి చదవలేక ప్రోగ్రామ్ బోర్లా పడితే నేరం మరాఠీది కాదు.

‘పుట్టిన తేదీకి టైమ్ కూడా తగిలిస్తే మంచిదే.’ సాఫ్ట్‌వేర్ దాన్ని ప్రపంచ ప్రామాణిక సమయం యూటీసీలోకి మార్చిందనుకోండి, మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు సాయంత్రం 6:30. బిడ్డ ఒకరోజు ముందే పుట్టేస్తుంది.

‘నెల ముందు రాసే అమెరికా పద్ధతి ఉత్త పిచ్చి.’ నేనూ చాన్నాళ్లు ఇలాగే తిట్టుకున్నాను. కానీ మనం నోటితో ఏమంటాం? ఆగస్టు 15, జనవరి 26. ముందొచ్చేది నెలే. వాళ్లు పలికినట్టే రాసుకున్నారు, ఇష్టం లేకపోయినా ఒప్పుకోవాలి. నెల పేరు తీసేసి అంకె పెట్టాకే తంటా అంతా.

‘సంవత్సరం ముందు రాయడం మనకు అలవాటు లేదు.’ పూజలో సంకల్పం ఎప్పుడూ వినలేదా? సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి: పెద్దది ముందు, చిన్నది వెనక. తెలుగు పుస్తకాలు 1947 ఆగస్టు 15 అని అచ్చువేసేదీ ఈ వరసలోనే. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 కూడా ఇదే చెబుతుంది: 2025-05-06. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు తేదీని ఇలా దాచుకుని, చూపేటప్పుడు ఎవరి పద్ధతిలో వాళ్లకు చూపితే సగం గొడవలుండవు.

ఎక్సెల్ వాడేవాళ్లు సీఎస్‌వీ మీద డబుల్ క్లిక్ చేయకండి. డేటా మెనూలోంచి తెచ్చుకుని, ఆ కాలమ్‌లో ఉన్నది రోజు–నెల–సంవత్సరం అని మీరే చెప్పండి. ఈపాటికే తెరిచేశారా? కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు ఒరిగి ఉంటే కొంప మునిగినట్టే. ఫార్మాట్‌తో కుస్తీ పట్టకుండా, సేవ్ చేయకుండా మూసేసి, అసలు ఫైల్ మళ్లీ తీసుకోండి.

మనుషులకు పంపే మెసేజ్‌లో మాత్రం నెల పేరు రాయండి. ‘మే’ అంటే ఒక్కటే అక్షరం. అది రాయడానికి బద్ధకించినందుకే మా పిన్ని నెల ఆలస్యంగా వెళ్లింది.