మంచునేలపై ఊరూరి గొంతు: అలాస్కా స్థానిక రేడియో కేంద్రాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలు 1867లో రష్యా నుంచి కొనుగోలు చేసి, 1959లో రాష్ట్ర ప్రతిపత్తి కల్పించిన అలాస్కా విస్తీర్ణం దాదాపు 17 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశ విస్తీర్ణంలో సగానికి మించిన ఆ నేలపై 2020 జనాభా లెక్కల ప్రకారం నివసిస్తున్నవారు 7 లక్షల 33 వేల మంది మాత్రమే. వారిలోనూ ఐదింట రెండు వంతుల మంది యాంకరేజ్ అనే ఒక్క నగరంలో ఉండగా, మిగిలినవారు నదుల వెంట, సముద్ర తీరాల వెంట, దీవుల్లోనూ చిన్న చిన్న ఊళ్లుగా చెదిరి ఉన్నారు. రాజధాని జూనోకు సైతం బయటి నుంచి రహదారి లేదు. విమానంలోనో ఓడలోనో చేరుకోవలసిందే. గ్రామాల్లో అత్యధిక భాగానిదీ ఇదే పరిస్థితి. దినపత్రిక సకాలంలో చేరని ఇటువంటి చోట్ల స్థానిక రేడియో కేంద్రం కాలక్షేప సాధనంగా మిగిలిపోక, మంచినీరు, వైద్యం, విద్యుత్తు వంటి పౌర సదుపాయాల సరసన నిలిచింది. అయితే ఆ సదుపాయానికి అయ్యే వ్యయాన్ని అక్కడి కొద్దిపాటి జనాభా తనంతట తాను భరించగలిగిన కాలం ఎన్నడూ లేదు కనుక, ఈ కేంద్రాల చరిత్ర చాలావరకు వాటిని పోషించిన వారి చరిత్ర కూడా.

వ్యాపార కేంద్రాల కాలం

ఇప్పటికీ ప్రసారాలు సాగిస్తున్న అలాస్కా కేంద్రాల్లో అన్నిటికన్నా పాతదైన కె.ఎఫ్.క్యు.డి. 1924లో యాంకరేజ్‌లో మొదలైంది. ఈ అక్షరాల పేరును కాల్ సైన్ అంటారు. ప్రతి కేంద్రానికీ లైసెన్సుతో పాటు కేటాయించే ఆ గుర్తు, కొన్ని పాత మినహాయింపులను వదిలేస్తే, మిస్సిసిపీ నదికి పడమట ‘కె’తోనూ, తూర్పున ‘డబ్ల్యు’తోనూ మొదలవుతుంది. 1934లో ఏర్పడిన ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ఈ లైసెన్సులను ఏదో ఒక ఊరి పేరిట జారీ చేస్తుంది కనుక, అమెరికాలో ప్రతి రేడియో కేంద్రానికీ చట్టరీత్యా ఒక సొంత ఊరు ఉంటుంది. జూనోలో 1935లో కె.ఐ.ఎన్.వై. వెలిసింది. బొగ్గు గని, సినిమా హాళ్లు, వార్తాపత్రికల యజమాని అయిన ఆస్టిన్ లాత్రాప్ 1939లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో కె.ఎఫ్.ఎ.ఆర్.ను, 1948లో యాంకరేజ్‌లో కె.ఇ.ఎన్.ఐ.ని నెలకొల్పారు. రైలు మార్గం, బంగారం, సైనిక స్థావరాల మూలంగా పెరిగిన ఈ పట్టణాల్లో దుకాణాల ప్రకటనల రాబడితో కేంద్రాలు నడవగలిగాయి.

ఈ వ్యాపార కేంద్రాలకు సైతం ప్రజాసేవ ఎంత దగ్గరిదో 1964 మార్చి 27 సాయంత్రం వచ్చిన భూకంపం నిరూపించింది. 9.2 తీవ్రతతో, నాలుగున్నర నిమిషాల పాటు భూమిని కుదిపిన ఆ విపత్తు ఉత్తర అమెరికాలో పరికరాలు నమోదు చేసిన భూకంపాలన్నిటిలోకీ పెద్దది. విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలు దెబ్బతిన్న యాంకరేజ్‌లో కె.ఇ.ఎన్.ఐ. విలేకరి జీనీ ఛాన్స్ ఆ వారాంతమంతా దాదాపు విరామం లేకుండా ప్రసారాలు సాగిస్తూ, ఆశ్రయం ఎక్కడ దొరుకుతుందో, నీటిని ఎలా శుద్ధి చేసుకోవాలో, ఏ పనివారు ఎక్కడికి రావాలో చెప్పడమే కాక, విడిపోయిన కుటుంబాల క్షేమ సమాచారాన్ని పేరు పేరునా చదివి వినిపించారు. తర్వాతి కాలంలో ఆమె రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఆనాడు పనికొచ్చింది యంత్రబలం ఒక్కటే కాదు. ఏ వీధి ఎక్కడుందో, ఎవరి అధీనంలో ఏ సాధనం ఉందో ఎరిగిన మనిషి మైకు ముందు ఉండటం కూడా.

తరంగాల నడక

అలాస్కా మారుమూలల్లో, మిగిలిన చోట్ల వెనుకబడిపోతున్న ఎ.ఎం. ప్రసారాలకు ఇప్పటికీ ప్రాధాన్యం ఉండటానికి భౌతికశాస్త్రంలో కారణం ఉంది. తెలుగు శ్రోతలకు మీడియం వేవ్‌గా పరిచయమైన ఈ పద్ధతిలో తరంగాలు పగటిపూట నేలను అంటిపెట్టుకుని ప్రయాణిస్తాయి. పౌనఃపున్యం, అంటే సెకనుకు జరిగే కంపనాల సంఖ్య, ఎంత తక్కువగా ఉంటే నేల వాటిని అంత తక్కువగా పీల్చుకుంటుంది కనుక అవి అంత దూరం చేరతాయి. రాత్రిపూట సూర్యకాంతి తొలగడంతో వాతావరణపు పై పొరలు వాటిని తిరిగి భూమికి మళ్లిస్తాయి; అందువల్ల అవే ప్రసారాలు వందల కిలోమీటర్ల అవతల వినిపిస్తాయి. బెథెల్ పట్టణంలోని కె.వై.యు.కె. 640, డిల్లింగ్‌హామ్‌లోని కె.డి.ఎల్.జి. 670, ఉత్తరపు కొసన ఉన్న ఉట్కియాగ్విక్‌లోని కె.బి.ఆర్.డబ్ల్యు. 680, కొట్జెబ్యూలోని కె.ఓ.టి.జెడ్. 720 కిలోహెర్ట్జ్‌పై పనిచేస్తుండటం గమనించదగిన విషయం. 1700 వరకు సాగే ఈ పట్టీలో ఇవన్నీ కింది భాగానివే.

ఎఫ్.ఎం. ధ్వని స్పష్టమైనదే కానీ, దాని తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే పోతాయి. కొండ అడ్డువస్తే ఆగిపోతాయి. ఆగ్నేయ అలాస్కాలో కొండలకూ సముద్రానికీ నడుమ ఒదిగిన సిట్కా, కెచికాన్, పీటర్స్‌బర్గ్ వంటి ఊళ్లకు ఎవరి ఎఫ్.ఎం. కేంద్రం వారికి అవసరమైంది అందుకే. చుట్టుపక్కల చిన్న ఊళ్లకు ఆ ప్రసారాన్ని అందుకుని తిరిగి వదిలే ట్రాన్స్‌లేటర్లనే తక్కువ శక్తి పరికరాలను అమర్చుతారు. ఈ విధంగా పశ్చిమాన ఒక్క కేంద్రం యాభైకి పైగా గ్రామాలకు గొంతుక కాగా, ఆగ్నేయాన ఊరికొక కేంద్రం ఏర్పడింది.

ముగ్గురు పోషకులు

ప్రకటనల రాబడి లేని ప్రాంతాల్లో తొలి పోషకులుగా చర్చిలు ముందుకు వచ్చాయి. బేరింగ్ జలసంధికి చేరువనున్న నోమ్ పట్టణంలో ఎవాంజెలికల్ కవనెంట్ చర్చి 1960లో కె.ఐ.సి.వై.ని ప్రారంభించింది; 850 కిలోహెర్ట్జ్‌పై పనిచేసే ఆ కేంద్రం అలాస్కా గ్రామాలకే కాక, రాత్రివేళల్లో రష్యన్ భాషలో అవతలి తీరానికి కూడా ప్రసారాలు సాగించింది. అదే ఊళ్లో 1971లో కథోలిక మిషన్ కె.ఎన్.ఓ.ఎం.ను నెలకొల్పి, దేశంలోని ఇతర ప్రాంతాల నుంచి వచ్చిన స్వచ్ఛంద సేవకుల సాయంతో నడిపించింది. నాలుగు వేల జనాభా కూడా లేని ఒక పట్టణంలో ఇలా రెండు శక్తిమంతమైన కేంద్రాలు నెలకొనడం మార్కెట్ సూత్రాలకు అందని విషయం.

రెండవ పోషకుడు ప్రభుత్వం. అమెరికాలో పబ్లిక్ రేడియో ఆకాశవాణి వలె ప్రభుత్వ సంస్థ కాదు. లాభాపేక్ష లేని స్థానిక సంఘమో, విశ్వవిద్యాలయమో లైసెన్సు పొంది, శ్రోతల విరాళాలతోనూ గ్రాంట్లతోనూ నడుపుకునే కేంద్రాల సముదాయం. 1962లో విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో ఫెయిర్‌బ్యాంక్స్‌లో మొదలైన కె.యు.ఎ.సి. రాష్ట్రంలో ఈ తరహాకు నాంది పలికింది. 1967 నాటి పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం ప్రకారం ఏర్పడిన కార్పొరేషన్ ఫర్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ కేంద్ర ప్రభుత్వ నిధులను ఈ కేంద్రాలకు పంచిపెట్టే బాధ్యతను చేపట్టడంతో, 1970వ దశకంలో జూనో, కొట్జెబ్యూ, డిల్లింగ్‌హామ్, హోమర్ తదితర ఊళ్లలో కేంద్రాలు వరుసగా వెలిశాయి.

మూడవ పోషకులు మూలవాసులే. కస్కోక్విమ్ నది ఒడ్డున ఆరు వేల పైచిలుకు జనాభా గల బెథెల్‌లో 1971లో మొదలైన కె.వై.యు.కె., అమెరికాలో మూలవాసుల యాజమాన్యంలో నడిచిన తొలి రేడియో కేంద్రంగా పేరుపొందింది. నగరాలకు వలసవచ్చిన మూలవాసుల కోసం 1996లో యాంకరేజ్‌లో కె.ఎన్.బి.ఎ. ప్రారంభమైంది. మూలవాసుల వార్తలను దేశమంతటికీ అందించే నేషనల్ నేటివ్ న్యూస్ 1987లో అలాస్కాలోనే పుట్టింది.

ఊరి అవసరమే కార్యక్రమం

ఈ కేంద్రాలు జాతీయ వార్తలను, సంగీతాన్ని బయటి సంస్థల నుంచి తీసుకుంటాయి. కానీ వాటికి విలువ తెచ్చినవి తామే తయారు చేసుకునే కార్యక్రమాలు. టెలిఫోను చేరని అటవీ గృహాల్లో నివసించేవారికి బంధుమిత్రులు పంపే సందేశాలను చదివి వినిపించే ఆనవాయితీ రాష్ట్రమంతటా పాతుకుపోయింది. నార్త్ పోల్ అనే ఊళ్లోని కె.జె.ఎన్.పి. ఈ కార్యక్రమానికి ట్రాప్‌లైన్ ఛాటర్ అని పేరు పెట్టింది; బొచ్చు జంతువుల కోసం అడవిలో బోనులు అమర్చిన దారిని ట్రాప్‌లైన్ అంటారు. గ్లెనాలెన్‌లోని కేంద్రంలో అది కారిబూ క్లాటర్స్, హోమర్‌లో బుష్‌లైన్స్. విమానం ఎప్పుడు దిగుతుందో, ఆసుపత్రిలో ఉన్నవారు ఎలా ఉన్నారో, బిడ్డ ఎప్పుడు పుట్టిందో అందరూ వినేలా చెప్పే ఈ సందేశాల్లో గోప్యత ఉండదు; అయినా ఒకరికి ఉద్దేశించిన మాట విన్న పొరుగువారు దాన్ని మోసుకెళ్లి అందజేసే వీలు అందులోనే ఉంది.

సాకై అనే ఎర్ర సాల్మన్ చేపల వేటలో ప్రపంచంలోనే అగ్రస్థానంలో ఉన్న బ్రిస్టల్ బేలో, ఏ జలభాగంలో ఏ వేళ నుంచి ఏ వేళ వరకు వలలు వేయవచ్చో మత్స్యశాఖ ప్రకటించే నిర్ణయాలను కె.డి.ఎల్.జి. ప్రసారం చేస్తుంది. వేట కొద్ది వారాలకే పరిమితం కావడం, నిర్ణయాలు ఏ రోజుకారోజు మారుతుండటం వల్ల పడవల్లో ఉన్నవారికి ఆ ప్రకటన ఏడాది సంపాదనతో ముడిపడిన సమాచారమవుతుంది. బెథెల్ ప్రాంతంలో చలికాలంలో గడ్డకట్టిన నదే రహదారి. మంచు ఎక్కడ పలచబడిందో, ఎక్కడ నీరు పైకి తేలిందో రేడియోలో వినకుండా బయలుదేరడం ప్రమాదకరం. వసంతంలో మంచు విరిగినప్పుడు ఆ పలకలు నదికి అడ్డుపడి వరదలు తెస్తాయి కనుక ఆ వార్తలకూ అంతే ప్రాధాన్యం.

భాష విషయంలో ఈ కేంద్రాల సేవ మరింత లోతైనది. కె.వై.యు.కె. దశాబ్దాలుగా యూపిక్ భాషలో వార్తలు అందిస్తూ, ఆ భాషలో పెద్దల మాటలను, కథలను ధ్వనిముద్రికలుగా భద్రపరిచింది; ఉత్తరాన కె.ఓ.టి.జెడ్.లో ఇనుపియాక్ భాష వినిపిస్తుంది. 2008లో ఏయాక్ భాష మాతృభాషగా గల చివరి వ్యక్తి కన్నుమూసిన రాష్ట్రమిది. 2014లో 20 మూలవాసీ భాషలకు అధికార భాషా ప్రతిపత్తి కల్పించిన రాష్ట్రమూ ఇదే. చట్టం గౌరవాన్ని ఇవ్వగలదే కానీ వాడుకను ఇవ్వలేదు. వాతావరణ సూచననూ, ఎన్నికల ఫలితాన్నీ ఆ భాషలో రోజూ చెప్పవలసి వచ్చినప్పుడే కొత్త విషయాలకు కొత్త మాటలు పుట్టి, భాష వర్తమానంలో నిలుస్తుంది.

నిధుల కోత

రాష్ట్ర ప్రభుత్వం నుంచి పబ్లిక్ రేడియోకు అందుతూ వచ్చిన సాయాన్ని 2019లో గవర్నర్ వీటోతో రద్దు చేయడం వల్ల ఈ కేంద్రాలు కేంద్ర ప్రభుత్వ నిధులపై ఆధారపడటం పెరిగింది. 2025 జూలైలో అమెరికా కాంగ్రెస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్‌కు అంతకుముందే కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కు తీసుకునే చట్టాన్ని ఆమోదించింది. జాతీయ పబ్లిక్ ప్రసార సంస్థలు రాజకీయ పక్షపాతం చూపుతున్నాయనీ, అంతర్జాలం విస్తరించిన కాలంలో ప్రభుత్వ సాయం అనవసరమనీ మద్దతుదారులు వాదించారు. సెనేట్‌లో దీనిపై చర్చ సాగుతున్న జూలై 16వ తేదీనే దక్షిణ అలాస్కా తీరంలోని శాండ్ పాయింట్ సమీపంలో 7.3 తీవ్రతతో భూకంపం వచ్చి సునామీ హెచ్చరిక వెలువడగా, స్థానిక కేంద్రాలు ప్రజలను ఎత్తైన ప్రదేశాలకు తరలమని హెచ్చరించాయి. ఈ ఉదంతాన్ని ఎత్తిచూపిన అలాస్కా సెనేటర్ లీసా మర్కోవ్‌స్కీ తన రిపబ్లికన్ పార్టీ వైఖరికి భిన్నంగా బిల్లును వ్యతిరేకించినా ఫలితం మారలేదు. ఆగస్టు 1న కార్పొరేషన్ తన కార్యకలాపాలను ముగించనున్నట్లు ప్రకటించింది.

పెద్ద నగరాల కేంద్రాలకు కేంద్ర నిధులు ఆదాయంలో చిన్న భాగం కాగా, బెథెల్, శాండ్ పాయింట్ వంటి చోట్ల అవే సగానికి మించినవి. కాబట్టి జాతీయ సంస్థలను ఉద్దేశించిన కోత వాటికన్నా తీవ్రంగా ఈ చిన్న కేంద్రాలకే తగిలింది. అదే ఏడాది అక్టోబరులో హాలోంగ్ తుఫాను శేషం పశ్చిమ తీరాన్ని ముంచెత్తి, కిప్నుక్, క్విగిల్లింగాక్ గ్రామాల్లో ఇళ్లను పునాదుల నుంచి కొట్టుకుపోయేలా చేసి, వెయ్యి మందికి పైగా ప్రజలను నిరాశ్రయులను చేసినప్పుడు, నిధులు కోల్పోయిన కె.వై.యు.కె.యే ఆ ప్రాంతానికి యూపిక్, ఇంగ్లిషు భాషల్లో సమాచారం అందించింది.

ఉపగ్రహ ఇంటర్నెట్ అలాస్కా గ్రామాలకు చేరుతున్నమాట నిజమే, దానివల్ల విద్య, వైద్య రంగాల్లో మేలు జరుగుతున్నమాటా నిజమే. అయితే ఇంటర్నెట్ సమాచారానికి దారి వేస్తుందే కానీ, కస్కోక్విమ్ మంచు మీద ఈ ఉదయం ఏర్పడిన చీలికను కనుక్కుని యూపిక్‌లో చెప్పే మనిషికి జీతం ఇవ్వదు. ఖర్చు తగ్గించుకునేందుకు ఆగ్నేయ ప్రాంత కేంద్రాలు లెక్కలు, యాజమాన్య పనులను ఉమ్మడిగా నిర్వహించుకుంటూ, స్టూడియోను, విలేకరిని మాత్రం ఊళ్లోనే ఉంచుకున్న పద్ధతి అనుసరణీయమైనదే. విరాళాలు, మూలవాసీ సంస్థల తోడ్పాటు కొంతకాలం నిలబెట్టగలవు. ఒక్కో శ్రోతకు అయ్యే ఖర్చు లెక్కన చూస్తే ఈ కేంద్రాలు ఎప్పుడూ ఖరీదైనవిగానే కనిపిస్తాయి. ఆ లెక్క ప్రకారం ఆ గ్రామాలకు విమానాశ్రయమూ, పాఠశాలా, టపా కూడా ఖరీదైనవే. మనుషులు అంత దూరాన నివసించడాన్ని ఒక సమాజం అంగీకరించిన తర్వాత, వారికి ప్రమాదాన్ని ముందే చెప్పే గొంతుకు అయ్యే వ్యయం కూడా ఆ అంగీకారంలోనే ఇమిడి ఉంటుంది.