ఫ్లాష్ మధ్యలో ఎందుకు మొండికేస్తుంది? బ్యాటరీల అసలు సంగతి

ఈ ఎపిసోడ్ కెమెరా మీద పెట్టుకునే ఫ్లాష్ గురించి. ఇంకా కరెక్ట్‌గా చెప్పాలంటే, అందులో వేసే బ్యాటరీల గురించి. ఫ్లాష్‌కి వేలకు వేలు పెడతాం, సెల్స్ మాత్రం దారిలో కనిపించిన కొట్లో కొనేస్తాం. నేనూ అదే చేశాను. ఏమైందో ముందు చెప్తాను.

సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసిన కొత్తలో నంద్యాలలో ఒక స్టూడియో అన్న దగ్గర సెకండ్ కెమెరాగా వెళ్లేవాణ్ని. ఆళ్లగడ్డలో ఒక పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం. నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్లు. బయల్దేరేటప్పుడు నాలుగు మామూలు ఆల్కలైన్ సెల్స్ కొని ఫ్లాష్‌లో వేశా. జీలకర్ర బెల్లం దాకా బాగానే నడిచింది. తలంబ్రాల దగ్గర వరసగా నొక్కుతున్నా. ఒక ఫోటో వెలుగుగా వచ్చింది, తర్వాతది మసక, మూడోది పూర్తిగా చీకటి. సరిగ్గా ఆ మూడో ఫోటో టైములోనే పెళ్లికూతురి జేజి ముందుకొచ్చి మనవరాలి తల మీద అక్షింతలు వేసింది. ఎడిటింగ్‌లో ఎంత లాగినా చుక్కలు తప్ప ఆమె మొహం రాలేదు. ఆల్బమ్ చూసి పెళ్లికూతురు, "అన్నా, మా జేజిది లేదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. స్టూడియో అన్న నన్నొక్క మాట కూడా అనలేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది.

బీటెక్‌లో కెపాసిటర్ గురించి పరీక్ష కోసం చదివాను. నిజంగా అర్థమైంది మాత్రం ఆ రోజే.

సింపుల్‌గా చెప్తా. మీ ఇంటి మిద్దె మీద నీళ్ల ట్యాంకు ఉంది, కింద బోరు మోటర్ ఉంది. కొళాయి తిప్పితే నీళ్లొచ్చేది ట్యాంకు నుంచి, మోటర్ నుంచి కాదు. ఫ్లాష్‌లో కూడా అంతే. బ్యాటరీ నేరుగా ట్యూబ్‌ని వెలిగించదు. ఐదారు వోల్ట్‌ల బ్యాటరీ కరెంటుని లోపలి సర్క్యూట్ దాదాపు 300 వోల్ట్‌లకు పెంచి కెపాసిటర్‌లో నింపుతుంది. ఆ ట్యాంకు ఒక్కసారిగా ఖాళీ అయితే మెరుపు. మళ్లీ నిండటానికి పట్టే టైమునే రీసైకిల్ టైమ్ అంటారు.

అంటే మంచి బ్యాటరీ వేస్తే వెలుగు పెరుగుతుందా? పెరగదు. గోడాక్స్‌లో టీటీ685కి నాలుగు ఏఏ సెల్స్, వీ860 టూకి లిథియం ప్యాక్. రెండింటి గైడ్ నంబర్ ఒకటే, 60. కానీ కంపెనీ లెక్క ప్రకారం ఫుల్ పవర్‌లో మొదటిది నిండటానికి 2.6 సెకన్ల దాకా, రెండోది 1.5 సెకన్ల లోపు. మొదటిది సుమారు 230 సార్లు, రెండోది 650 సార్లు వెలుగుతుంది. బ్యాటరీతో మారేది మెరుపు బలం కాదు, మళ్లీ రెడీ అయ్యే వేగం, మొత్తం ఎన్నిసార్లు అనేది.

ఇంకో మెలిక ఉంది. చాలా ఫ్లాష్‌లలో రెడీ లైట్ ట్యాంకు పూర్తిగా నిండకముందే వెలుగుతుంది. అప్పుడే నొక్కితే ఫోటో మసక. నా రెండో ఫోటో అదే అన్నమాట.

సరే, ఆల్కలైన్ మీద 1.5 వోల్ట్‌లు, రీచార్జబుల్ నికెల్ సెల్ మీద 1.2 అని రాసుంటుంది. ఎక్కువున్నదే మంచిది కదా అనిపిస్తుంది. ఇక్కడే మోసపోతాం. ప్రతి సెల్‌కీ లోపల కొంత రెసిస్టెన్స్ ఉంటుంది. కొత్త ఆల్కలైన్‌కి సుమారు 0.2 ఓమ్‌లు, మంచి నికెల్ సెల్‌కి 0.03 అనుకోండి. నాలుగు సెల్స్ నుంచి ఫ్లాష్ 4 ఆంపియర్లు లాగితే, ఆల్కలైన్ 6 వోల్ట్‌లలో 3.2 లోపలే పోతాయి, మిగిలేది 2.8. నికెల్ 4.8లో పోయేది అర వోల్ట్ లోపే, మిగిలేది 4.3. ఆల్కలైన్ వాడేకొద్దీ ఆ రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. పైపు సన్నగా ఉంటే మోటర్ పెద్దదైనా ఏం లాభం?

అందుకే ఎనెలూప్ లాంటి నికెల్ సెల్స్ వాడండి. సాన్యో 2005లో తెచ్చింది, ఇప్పుడు పానాసోనిక్ పేరుతో వస్తున్నాయి. ఛార్జ్ చేసి పక్కన పెట్టినా త్వరగా దిగిపోవు. యూఎస్‌బీతో ఛార్జ్ అయ్యే 1.5 వోల్ట్‌ల లిథియం సెల్స్‌తో జాగ్రత్త. వాటిలో చిన్న సర్క్యూట్ ఉంటుంది, ఫ్లాష్ ఒక్కసారిగా లాగితే కొన్ని కట్ అయిపోతాయి. ఏఏ సైజులోనే ఉండే 3.7 వోల్ట్‌ల 14500 సెల్స్ మాత్రం అస్సలు వేయకండి, ఫ్లాష్ కాలిపోతుంది.

నాలుగు సెల్స్‌కీ ఒకే నంబర్ రాసి, ఎప్పుడూ కలిపే వాడండి, కలిపే ఛార్జ్ చేయండి. పాతవీ కొత్తవీ కలిపితే బలహీనమైనది ముందు ఖాళీ అయి, మిగతా మూడూ దాన్ని తిరగేసి చంపేస్తాయి. మన నంద్యాల ఎండలు తెలుసు కదా, మే నెలలో కారులో బ్యాగ్ వదిలేయొద్దు. వరసగా ఫుల్ పవర్ కొట్టినా ఫ్లాష్ వేడెక్కి తనే ఆగిపోతుంది.

అన్నిటికన్నా పెద్ద చిట్కాకి పైసా ఖర్చు లేదు. ఐఎస్ఓ 400 నుంచి 1600కి పెంచండి. అదే వెలుగుకి ఫ్లాష్ పావు పవర్ చాలు. బ్యాటరీ దాదాపు నాలుగింతలు వస్తుంది, రీసైకిల్ టైమ్ కూడా బాగా తగ్గుతుంది. కాస్త గ్రెయిన్ వస్తుంది, రానివ్వండి. గ్రెయిన్ ఉన్న ఫోటోలో జేజి కనిపిస్తుంది. చీకటి ఫోటోలో కనిపించదు.

ఇప్పుడు నేను మాంగల్యధారణకు పది నిమిషాల ముందే, పాత సెల్స్‌లో ఛార్జ్ ఉన్నా సరే, కొత్త సెట్ మార్చేస్తా. మార్చడానికి పట్టేది అర నిమిషం. ముహూర్తం మన కోసం ఆగదు కదా.

మీ ఫ్లాష్ మోడల్, వాడే సెల్స్ కామెంట్‌లో రాయండి, చూసి చెప్తాను. ఉంటానండి.